నాలుగు సున్నాల వాకిలి

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు సూరత్ అడాజన్‌లోని ఆ రెండో అంతస్తు ఫ్లాట్ గంట వరసగా మూడుసార్లు మోగింది. ఫణి వెళ్లి తలుపు తీశాడు. ఎదురుగా ఇరవై నాలుగేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. ఆమె చేతిని చిన్నపిల్లవాడిలా పట్టుకుని, అరవైకి దగ్గరపడ్డ ఒక మనిషి పక్కనే ఉన్నాడు. అమ్మాయి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ మనిషి మాత్రం ఫణి పెదవులవైపే చూస్తున్నాడు.

"విశాలాక్షి మేడమ్ ఉన్నరా? జర అర్జెంటు," అంది అమ్మాయి.

లోపల విశాలాక్షి పేపరు మడిచి పక్కన పెట్టింది. ఆమె ముప్పై ఏళ్లు తపాలా శాఖలో, అందులో సగం కాలం విజిలెన్సులో పనిచేసి, సూరత్‌లోనే రిటైరై, ఇదే ఊళ్లో ప్రైవేటు పరిశోధన మొదలుపెట్టిన మనిషి. ఫణి ఆమె దగ్గర చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఆమె చేతికి వచ్చి తేలకుండా పోయిన కేసును అతను చూడలేదు. తేలితే చాలు, మిగతావన్నీ వాటంతట అవే చక్కబడతాయని కూడా అప్పటిదాకా అతని నమ్మకం.

"కూర్చో అమ్మా. పేరు?"

"సింధూజ, మేడమ్. ఈయన మా బాపు, పరుశురాం. ముప్పై ఏండ్లు మగ్గం మీద పనిచేసిండు. చెవులు పోయినయి. ఏం వినపడదు." ఆమె తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టింది. "సోమవారం నా మీద పోలీస్ కంప్లెయింట్ ఇస్తరట. నేను చెయ్యలే, మేడమ్. కానీ అంతట నా పేరే ఉన్నది."

విశాలాక్షి ఆమెను తొందరపెట్టలేదు. మంచినీళ్లు తాగనిచ్చి, మొదటినుంచి చెప్పమంది.

అదే ఊళ్లో, గోడాదరాలో తెలంగాణ నుంచి వచ్చిన మగ్గం కార్మికులు నడుపుకునే కార్మిక శ్రవణ కేంద్రం ఒకటి ఉంది. మరమగ్గాల చప్పుడులో ఏళ్లతరబడి నిలబడినవాళ్లకు చెవులు పోతాయి. ఆ కేంద్రం ఆరేళ్లుగా పదకొండు వందల నలభై మందికి ప్రతి ఏడూ వినికిడి పరీక్షలు చేసి, ఫలితాలన్నీ ఒక సర్వర్‌లో దాచింది. వాటి ఆధారంగానే మిల్లుల మీద నష్టపరిహారానికి ట్రిబ్యునల్‌లో కేసు వేశారు. విచారణకు ఇంకా తొమ్మిది రోజులుంది. శుక్రవారం ఉదయం సర్వర్ తెరిచి చూస్తే రికార్డులు లేవు. ఒక్కటి కూడా లేదు. వాటి స్థానంలో ఇంగ్లీషులో నాలుగు ముక్కల బెదిరింపు ఉంది: మీ సమాచారం మా దగ్గరుంది, కావాలంటే ఫలానా చోటికి సొమ్ము పంపండి అని.

"పంపితే ఇస్తరా అంటే, ఇయ్యరు మేడమ్. వాళ్లు నకలు కూడా తీసుకోరు. తుడిచిపారేసి పోతరు. ఇదే చిట్టీ దునియాల వేల సర్వర్‌లల్ల దొరికింది."

"మీ దగ్గర నకలు లేదా?"

సింధూజ తల వంచుకుంది. "రోజూ తీస్తది. కానీ ఆ సర్వర్‌లనే పెడ్తది. అది కూడా పోయింది."

"సరే. ఇందులో నీ పేరెక్కడ వచ్చింది?"

"ఆ సర్వర్ మా ఆఫీసుల ఉండదు. ఒక కంపెనీ దగ్గర కిరాయికి తీసుకున్నం. దానికి దర్వాజలు ఉంటయి మేడమ్. లోపలికి ఏ అడ్రస్ నుంచి రావొచ్చు, ఏ దర్వాజ నుంచి రావొచ్చు అని ఒక లిస్టు ఉంటది. స్క్రీన్ మీద బటన్లు నొక్కి ఆ లిస్టు మార్చొచ్చు. గట్ల మారిస్తే ఎవరు మార్చిన్రో, ఎందుకు మార్చిన్రో రేపు తెల్వదు. అందుకే నేను దాన్ని కోడ్‌ల రాసిన. ఒక ఫైలు. ఫైల్‌ల ఎట్ల రాస్తే దర్వాజలు అట్లనే ఉంటయి. మార్పు ఒకరు రాయాలె, ఇంకొకరు మంజూరు చెయ్యాలె. ఒక్కరే రెండు చేస్తనంటే ఒప్పుకోదు."

"ఆ ఇద్దరూ ఎవరు?"

"నేను, బ్రహ్మచారి సార్. సార్ టెలికం ఆఫీసుల రిటైర్ అయిండు. ఇక్కడనే అడాజన్‌ల ఉంటడు. కేంద్రం పెట్టిందే సార్."

"ఆయనకు ఈ కోడ్ పని తెలుసా?"

"నేనే నేర్పిన. మార్చిల సార్ ఇంటికి పోయి సార్ కంప్యూటర్ సెట్ చేసిన. మొదలు అసలు కనెక్టే కాలే, పూటంత పట్టింది. చివరికి ఎట్లనో నడిపించిన."

ఫణి తన పుస్తకంలో రాసుకుంటున్నాడు. విశాలాక్షి అడిగింది: "ఫైల్‌లో ఏం మారింది?"

సింధూజ ఒక కాగితం మీద రాసి చూపించింది. రికార్డులుండే వాకిలికి ఒకే ఒక్క అడ్రస్ అనుమతి ఉండేది, గోడాదరా కేంద్రం అడ్రస్. దాని స్థానంలో గురువారం ఎవరో నాలుగు సున్నాలు, ఒక గీత, మరో సున్నా పెట్టారు.

"దీని మతలబు ఏంది అంటే, దునియాల ఎవరన్న రావొచ్చు అని. గట్ల తెరిచిపెడితే గంటల్ల ఎవరో ఒకరు దూరుతరు. నేను రాయలే మేడమ్. కానీ రాసినట్టు నా పేరున్నది, నా తాళమే, అంటే నన్ను గుర్తుపట్టే రహస్య కోడే, ఉన్నది. గురువారం పొద్దుగాల ఏడు నలభైకి రాసిన అంటున్రు. ఆ టైముకు ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న. ఎవరు సాక్ష్యం చెప్తరు?"

"ఆ రికార్డు నువ్వు చూశావా?"

"చూడనియ్యలే. శుక్రవారమే నన్ను అన్నిట్లకెళ్లి తీసేసిన్రు."

ఇంతసేపూ పెదవులు చూస్తూ కూర్చున్న పరుశురాం హఠాత్తుగా, అవసరానికి మించిన గొంతుతో అన్నాడు: "నా బిడ్డ గట్ల చెయ్యదమ్మా! ఆ కేసు లిస్టుల నా పేరు కూడా ఉన్నది!"

పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీసి చూశారు. సింధూజ సిగ్గుపడి తండ్రి మోకాలి మీద చెయ్యి వేసింది.

గోడాదరా చేరేసరికి పదకొండున్నరైంది. ఇరుకు సందులో కింద కిరాణా కొట్టు, పైన కేంద్రం. తలుపు మీద గురువారంనాటి నోటీసు ఇంకా అంటించే ఉంది. ఫణి చదివాడు: 'విద్యుత్ మరమ్మతుల కారణముగా కేంద్రము గురువారం 12.00 గంటల నుండి 16.00 గంటల వరకు మూసివేయబడును.' కింద బ్రహ్మచారి సంతకం. విశాలాక్షి కూడా ఆ నోటీసు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

కేంద్రం కార్యదర్శి రఘుపతి లోపలే ఉన్నాడు. మగ్గం మీదనుంచి సంఘం పనిలోకి వచ్చిన మనిషి. యాభై ఏళ్లకే జుట్టంతా తెల్లబడింది. అతనికీ ఎడమ చెవి పనిచేయదు. కుడివైపు తిప్పి వింటాడు.

"ఈమె కోసం వచ్చిన్రా?" అన్నాడు మెట్ల మీదే ఆగిపోయిన సింధూజను చూసి. "మా చేతులల్ల పెరిగిన పోరి, అమ్మా. నేనే స్కూల్ల చేర్పించిన. బుధవారం ఖటోదరాల మిల్లు సేఠ్‌ల కంప్యూటర్ కంపెనీ నుంచి నౌకరి కాగితం వచ్చింది. గురువారం దర్వాజ తెరుచుకున్నది. నేనేం అనుకోవాలె?"

"ఆ నౌకరి నేను ఒప్పుకోలే, కాకా," అంది సింధూజ.

"ఒప్పుకోలేదని నాకు చెప్పినవా? వచ్చిందని అన్న చెప్పినవా?"

విశాలాక్షి మధ్యలోకి వచ్చింది.

"రఘుపతిగారూ, రికార్డులు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"గురువారం సాయంత్రం ఆరింటికి. మీటింగ్ పెట్టిన. తెర మీద ఒక్కొక్కని రికార్డు చూపెట్టిన. అందరు చూసిన్రు. 'మన కేసు పక్కా, ఆరేండ్ల సబూతు ఉన్నది' అని నేనే చెప్పిన." అతను గోడ మీది ఖాళీ తెరవైపు చూశాడు. "నా నోటితోని నేనే చెప్పిన."

"సింధూజ ఆ మీటింగ్‌లో ఉందా?"

"ఉండె. విచారణ తేదీ స్లిప్పులు పంచింది. ఎనిమిదింటి దాక ఈడనే ఉన్నది."

"లాప్‌టాప్ తెరిచిందా?"

"లేదు. కూర్చునే టైమ్ యాడిది?"

కాసేపటికి బ్రహ్మచారి వచ్చాడు. అరవై నాలుగేళ్లు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. మెట్ల కింద కూర్చున్న ముసలి కార్మికుడొకడు లేచి ఆయన కాళ్లకు మొక్కాడు. ఆయన వెనక్కి తగ్గాడు, కానీ ఆపలేదు. సంచీలోంచి ఒక కాగితం తీసి విశాలాక్షికి ఇచ్చాడు. మార్పుల రికార్డు అది. గురువారం తేదీ మీద రెండు వరసలున్నాయి. 07:40కి వాకిలి తెరిచినట్టు, 13:35కి మూసినట్టు. రెండూ సింధూజ పేరుతోనే, రెండింటినీ మంజూరు చేసింది బ్రహ్మచారి.

"మా కేంద్రంలో ఆమెను మించిన పనిమంతురాలు లేదు, మేడమ్," అన్నాడాయన. "కానీ రికార్డు రికార్డే కదా."

"మంజూరు చేసింది మీరే."

"అవును. ఆమె ఏది పంపినా నేను చదవకుండానే నొక్కుతాను. అది నా దోషం. ఒప్పుకుంటాను."

"ఈ గంటలు మన గంటలేనాండీ?"

బ్రహ్మచారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టే తెచ్చాను," అన్నాడు.

మొదటి వరస చివర, మార్పు ఎందుకు చేశారో తెలిపే ఇంగ్లీషు మాట ఒకటి ఉంది. తెలుగులో చెప్పుకుంటే: 'తాత్కాలిక ఏర్పాటు. 14.00 గంటలకు ఉపసంహరించవలెను.' విశాలాక్షి దాన్ని రెండుసార్లు చదివి, పాత నెలల పుటలు కూడా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. వాటిలో సింధూజ రాసిన మాటలన్నీ ముక్కలు ముక్కలుగా, చిన్న అక్షరాల్లో ఉన్నాయి: 'ఆఫీస్ నెట్ మారింది', 'పాతది తీసేసిన', 'మళ్లా సరి చేసిన'.

పరీక్ష గదిలో నీరజ ఉంది. నిజామాబాద్ అమ్మాయి, ముప్పై దాటిన వయసు. వినికిడి పరీక్షలన్నీ చేసేది ఆమే. గురువారం ఉదయం నుంచి ఖటోదరాలో క్యాంపు పెట్టి నలభై రెండు మందిని పరీక్షించింది. ఆ పేర్లు మాత్రం ఆమె లాప్‌టాప్‌లో మిగిలి ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక ఆకుపచ్చ టిక్కు.

"ఈ టిక్కు ఏమిటమ్మా?"

"సర్వర్‌కు చేరిందని, మేడమ్."

"క్యాంపునుంచే పంపుతారా?"

"లేదు. మామూలుగా ఇక్కడికొచ్చి పంపుతాం. ఇక్కడినుంచే వెళ్తుంది."

"గురువారం మీరు తిరిగి ఎప్పుడొచ్చారు?"

"సాయంత్రం ఐదింటికి."

"వీళ్ల పేర్లతో కేసు తుది పట్టిక లాయరుగారికి ఎప్పుడు అందింది?"

నీరజ లాప్‌టాప్ మూసేసింది. "సర్వర్‌కు చేరిన పేర్లతోనే పట్టిక తయారవుతుంది, మూడింటిలోపు దాఖలు చెయ్యాలన్నారు. రెండింటికి అందింది," అంది. ఆ తర్వాత ఏమడిగినా తలవంచుకుని యంత్రం తీగలు చుట్టుకుంటూ కూర్చుంది.

కింద సందులోకి వచ్చాక విశాలాక్షి ఆ కాగితాన్ని సింధూజ చేతికిచ్చింది. "నీ పేరు సంగతి వదిలెయ్. గంటలు చూసి చెప్పు."

సింధూజ చూసింది. ఆమె ముఖం మారిపోయింది. "మేడమ్, ఇది మన టైమ్ కాదు. ఈ రికార్డు ఎప్పుడూ అంతర్జాతీయ టైమ్‌ల ఉంటది. మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలె. ఈ సంగతి..." అని ఆగిపోయింది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

సింధూజ కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది. ఆమె కళ్లలో కొత్త భయం కనిపించింది. పొద్దున్నుంచీ ఉన్నది తనకోసం పడిన భయం. ఇది వేరొకరికోసం అని ఫణికి తోచింది.

ఆదివారం ఉదయం పదింటికి అందరినీ కేంద్రం హాల్లో కూర్చోబెట్టింది విశాలాక్షి. రఘుపతి, బ్రహ్మచారి, నీరజ, సింధూజ, పరుశురాం. మగ్గాలకు సెలవు రోజు. ఏదో జరిగిందన్న కబురు అప్పటికే పాకింది. కింద సందులో రెండు వందల మంది దాకా చేరి, చేతుల్లో కేంద్రం కార్డులు పట్టుకుని పైకి చూస్తున్నారు.

"నేను తపాలాలో పనిచేశాను," అని మొదలుపెట్టింది విశాలాక్షి. "కవరు మీద పంపినవారి పేరు ఎవరైనా, ఎవరిదైనా రాయొచ్చు. అది చూసి మేమెప్పుడూ మనిషిని పట్టుకోలేదు. ఎప్పుడు వేశారు, ఎక్కడ వేశారు అని చూసేవాళ్లం. మీరంతా పేరు దగ్గరే ఆగిపోయారు. రఘుపతిగారూ, ఈ కాగితం ప్రకారం వాకిలి ఒంటిగంటా ముప్పై అయిదుకు మూసేశారు. మీరు సాయంత్రం ఆరింటికి రికార్డులు తెర మీద చూపించారు. మూసిన వాకిలి గుండా ఆరు తర్వాత దొంగ ఎలా వచ్చాడు?"

రఘుపతి కాగితం అందుకుని గంటలు మళ్లీ చూశాడు.

"రాలేడు. అంటే ఈ గంటలు తప్పు. ఐదున్నర కలపండి. వాకిలి తెరిచింది పొద్దున ఏడూ నలభైకి కాదు, మధ్యాహ్నం ఒంటిగంటా పదికి. మూసింది రాత్రి ఏడూ అయిదుకు. ఆ ఏడూ అయిదుకు సింధూజ ఎక్కడుంది?"

"ఈడ," అన్నాడు రఘుపతి నెమ్మదిగా. "నా ముంగటనే. స్లిప్పులు పంచుతుండె."

"ఆమెకు సాక్షి మీరే. ఇక మధ్యాహ్నం ఒంటిగంటా పది. ఇక్కడ కరెంటు లేదు, నెట్ లేదు. నీరజ ఖటోదరాలో ఉంది. మూడింటిలోపు పట్టిక చేరకపోతే ఆ నలభై రెండు మంది కేసులోంచి జారిపోతారు. కేంద్రం అడ్రస్ నుంచి తప్ప లోపలికి వెళ్లని ఫలితాలు ఆమె లాప్‌టాప్‌లో 'చేరింది' అని టిక్కు పెట్టుకుని కూర్చున్నాయి. నీరజా, ఎవరికి ఫోన్ చేశావు?"

నీరజ ఏడ్చేసింది. "మొదలు సింధూజకే చేశాను మేడమ్. ఎత్తలేదు."

"నేను బాపును పెద్ద దవాఖానకు తీసుకుపోయిన," అంది సింధూజ. "డాక్టరు ముందట ఫోన్ సైలెంట్‌ల పెట్టిన."

"అప్పుడు సార్‌కు చేశాను. 'ఒక ఇరవై నిమిషాలాగి ప్రయత్నించు, వెళ్తుంది' అన్నారు. వెళ్లింది. ఎట్లా వెళ్లిందో నేను అడగలేదు. బయటినుంచి పంపకూడదని రూలు, అందుకే నోరు మూసుకున్నాను. దానివల్లే ఇదంతా అని నాకు నిన్నటిదాకా తెలియదు."

ఎవరూ బ్రహ్మచారివైపు తిరగలేదు. తిరగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"క్యాంపులో ఉన్నది ఫోన్ నెట్," అంది విశాలాక్షి. "దాని అడ్రస్ ఘడియకొకటి. ఏ ఒక్క అడ్రస్ రాసినా లాభం లేదని, ఆయన ప్రపంచం మొత్తానికీ తెరిచారు. రెండింటికి మూసేద్దామనే అనుకున్నారు. 'పద్నాలుగు గంటలకు ఉపసంహరించవలెను' అని రాసుకున్నారు కూడా. సింధూజ జన్మలో అలా రాయదు. ఆ భాష ఎవరిదో కింద తలుపు మీద నోటీసు చదివితే తెలుస్తుంది. ఇక తాళం. మార్చి నెలలో ఆయన కంప్యూటర్ కనెక్టు కాకపోతే నువ్వు ఏం చేశావమ్మా?"

సింధూజ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నా తాళం పెట్టి నడిపించిన. ఒక్క రోజుకని. తీసెయ్యాలె అనుకున్న. యాది లేదు మేడమ్."

"తన మార్పును తానే మంజూరు చేసుకోవడానికి యంత్రం ఒప్పుకోదు. మరొకరు రాసినట్టుండాలి. అందుకే ఆమె పేరుతో రాసి, తన పేరుతో మంజూరు చేశారు. ఆమె మీద నెట్టాలని కాదు. ఆ క్షణంలో వేరే దారి లేక. బ్రహ్మచారిగారూ, నేనెక్కడైనా తప్పు చెప్పానా?"

"లేదు," అన్నాడాయన.

ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా ఇవాళ కూడా ఇస్త్రీ చేసి ఉంది.

"ఒంటిగంటన్నరకు నీరజ 'వెళ్లింది సార్' అని చెప్పింది. సంతోషంగా భోజనం చేసి, రెండింటిదాకా ఒక్క కునుకు తీద్దామని పడుకున్నాను. లేచేసరికి ఐదు. పూర్తిగా మరిచిపోయాను. ఏడింటికి గుర్తొచ్చింది. పరుగున వెళ్లి మూసేశాను. అప్పటికే అయిపోయిందని తెలియదు. శుక్రవారం పొద్దున వచ్చేసరికి అందరూ సింధూజ పేరు అంటున్నారు. చెబుదామని నోరు తెరిచాను. ఎవరో వచ్చి నా కాళ్లకు మొక్కారు." ఆయన కళ్లజోడు తీశాడు. "మా అన్న వెంకటాచారి ఇక్కడే మగ్గం పని చేసేవాడు. వెనకనుంచి వచ్చిన లారీ చప్పుడు వినపడక పోయాడు. ఆయనకోసం పెట్టిన కేంద్రం ఇది. నా చేతులతో తెరిచానని ఎలా చెప్పను?"

"ఆ పిల్లను జైలుకు పంపిస్తుంటే చూస్తు ఊకున్నవా సార్?" అన్నాడు రఘుపతి. అరవలేదు. అరిచే ఓపిక అతనిలో లేదు.

"శుక్రవారం చెబుదామనుకున్నాను. శనివారం చెబుదామనుకున్నాను. ఇవాళ పొద్దున కూడా అనుకున్నాను."

రఘుపతి జేబులోంచి కంప్లెయింట్ కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. సింధూజవైపు తిరిగి, ముక్కల్ని మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. తన మీద పడ్డ నింద పోయిందన్న తేలిక ఆమె ముఖంలో ఫణికి ఎంత వెతికినా కనబడలేదు.

"తుడిచినోడు ఎవడు మరి?" అని అడిగాడు రఘుపతి. "వాణ్ణి పట్టియ్యండి, అమ్మా."

విశాలాక్షి ఇంత సేపట్లో మొదటిసారి కూర్చుంది.

"మనిషి కాదండీ. పగలూ రాత్రీ ప్రపంచంలో ఉన్న వాకిళ్లన్నీ తోసి చూస్తూ తిరిగే ప్రోగ్రామ్ అది. ఏది తెరిచి ఉంటే అందులో దూరి, తుడిచేసి, చిట్టీ పెట్టి పోతుంది. దాన్ని వదిలినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. మగ్గం అంటే ఏమిటో, చెవులు పోవడమంటే ఏమిటో వాడికి తెలియదు. మిల్లువాళ్లకు దీంతో సంబంధం లేదు. నేను పట్టుకోలేను."

"మళ్లా టెస్టులు చేద్దాం," అన్నాడు రఘుపతి. "ఎనిమిది రోజులున్నది. రేపటి సంది చేద్దాం. అందరికి చేద్దాం."

నీరజ కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. "రేపు టెస్టు చేస్తే చెవి పోయిందని తెలుస్తుంది, అన్నా. ఎప్పుడు పోయిందో తెలియదు. పనిలో చేరినప్పుడు బాగుండి, ఏటేటా తగ్గిందని చూపిస్తేనే కేసు. ఆ ఏళ్లు మళ్లీ రావు. లాయరు దగ్గర పట్టిక ఉంది, దాని వెనక అసలు రికార్డు ఒక్కటీ లేదు. ఈ ఆరేళ్లలో నలుగురు చనిపోయారు కూడా. వాళ్లకు ఏం టెస్టు చేస్తాం?"

పరుశురాం ఒక్కొక్కరి పెదవులూ చూశాడు. ఎవరి పెదవులూ కదలడం లేదు. కూతురి భుజం తట్టి, మామూలు మాట అనుకుంటూ పెద్ద గొంతుతో అడిగాడు.

"ఏమన్నరు బిడ్డ? దొరికినయా?"

సింధూజ తండ్రి ముఖంలోకి చూసి, తల మాత్రం ఊపింది. లేదని. ఆయన అర్థం కానట్టు, నవ్వుతున్నట్టు ఒక ముఖం పెట్టి, మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ ఊపింది.

ఫణి తన పుస్తకం మూసేశాడు. కేసు తేలిపోయింది. గంటలు కలిశాయి, తాళం దొరికింది, చేసిన మనిషి ఒప్పుకున్నాడు. మిగతా కేసుల్లో ఈ ఘట్టం దగ్గర అతను విశాలాక్షివైపు గర్వంగా చూసేవాడు. ఇప్పుడు చూస్తే ఆమె కిటికీలోంచి కింద సందులోకి చూస్తోంది. ఆమెను ఏమడగాలో అతనికి తోచలేదు. అడిగినా ఆమె దగ్గర ఏమీ లేదని తెలుసు.

"వాళ్లకు ఎవరు చెప్తరు?" అన్నాడు రఘుపతి. "నాతోని కాదు."

"నేను చెబుతాను," అన్నాడు బ్రహ్మచారి.

ఆయన ఒక్కడే మెట్లు దిగాడు. మిగతావాళ్లు వెనకే వచ్చి తలుపు దగ్గర ఆగిపోయారు. సందులో కార్మికులు ఆయన్ను చూసి దారి ఇచ్చారు. ముందు వరసలో వంగి నమస్కారం పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆయన కిరాణా కొట్టు గట్టు ఎక్కి నిలబడి, చేతులు జోడించి, మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. రికార్డులన్నీ పోయాయని, వాకిలి తెరిచింది తానేనని, మూయడం మరిచిపోయింది తానేనని, సింధూజ తప్పేమీ లేదని.

చెప్పడం ముగించాడు. రెండు వందల ముఖాలు ఆయన్నే చూస్తున్నాయి. ఒక్క ముఖమూ మారలేదు.

కండెలు చుట్టే ఎల్లవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పక్కవాడిని అడిగింది. "ఏమంటుండు?"

పక్కవాడు పెదవి విరిచాడు. "ఏమో. సమజ్ కాలే."

"జోర్సే చెప్పు సార్!" అని వెనకనుంచి ఎవరో కేక వేశారు. "ఇనపడుతలేదు!"

బ్రహ్మచారి గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. ముందు వరసలో ఒకరిద్దరి ముఖాలు వాడిపోయాయి. వెనకవాళ్లు ఇంకా చేతులు చెవుల దగ్గర పెట్టుకుని, మెడలు చాచి ఎదురుచూస్తున్నారు. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఊపిరి పీల్చుకుని, మెడ నరాలు ఉబ్బేలా, సందు అవతలి గల్లీకి కూడా వినపడేలా అరవడం మొదలుపెట్టాడు.

"నేనే తెరిచిన! నేనే!"